ముసలి కొంగ దించిన కాలు

పెద్ద చెరువులో హంసలదే రాజ్యం. పొద్దున్నే సూర్యుడికి మొక్కేటప్పుడు అందరూ రెండు కాళ్ల మీదే నిలబడాలని వాటి శాసనం. కొంగలు తాతల నాటి నుంచీ ఒంటికాలి మీద మొక్కేవి. అందుకని హంసలు వాటిని రక్తాలు కారేలా పొడిచి తరిమేశాయి.

కొంగలు ఎగిరెగిరి దూరాన ఒక మడుగు చేరాయి. అక్కడ బుడుబుంగలనే చిన్న నీటిపిట్టలు కాపురముంటున్నాయి. నీళ్లలో మునిగి మొక్కుకోవడం వాటి పద్ధతి. పాపం, అవి పక్కకి జరిగి చోటిచ్చాయి. చేపలు దొరికే చోటు కూడా చూపించాయి.

ఏడాది తిరిగేసరికి మడుగంతా కొంగలదైపోయింది. పెద్దకొంగ గట్టెక్కి అరిచింది: "ఇక మీద అందరూ ఒంటికాలి మీదే మొక్కాలి. మునిగి మొక్కేవాళ్లకి ఇక్కడ చోటు లేదు!"

హంసల ముక్కులు దిగిన మచ్చలు ఒంటి మీద అలాగే ఉన్నాయి, అప్పుడే వీళ్లకీ శాసనాలు! సిగ్గుండాలి.

మర్నాడు ఒక బుడుబుంగ ఒంటికాలి మీద నిలబడబోయి బోర్లా పడింది. "మా కాళ్లు అలా నిలవవయ్యా" అని ఏడ్చింది. పెద్దకొంగ దాని నెత్తి మీద పొడిచింది.

వరసలో ఒక ముసలి కొంగ ఉంది. హంసల దెబ్బలు అందరికన్నా ఎక్కువ తిన్నది అదే. అది మెల్లగా తన రెండో కాలు కూడా నేల మీద ఆనించింది.

"అవ్వా, మతి పోయిందా? కాలెత్తు!" అని గద్దించింది పెద్దకొంగ.

"దించమని అక్కడ హంసలు పొడిచాయి. చచ్చినా దించలేదు. ఎత్తమని ఇక్కడ నువ్వు పొడుస్తున్నావు, అందుకే దించాను. రా, పొడువు! ముక్కు వాళ్లకీ ఉంది, నీకూ ఉంది. కాలు మాత్రం నాదిరా!"