పరదేశి రక్తం

ఆ జబ్బు పట్టుకొచ్చినవాడు పరదేశేనని బుచ్చయ్యపేట దేముడమ్మ తేల్చేసింది.

అది 1998. చోడవరం చుట్టుపక్కల నుంచి దేముడమ్మతో కలిపి ఐదుగురు కిడ్నీ రోగులు వారానికి రెండుసార్లు ఒకే జీపులో విశాఖపట్నం వెళ్లి, ఒకే మెషీన్ మీద డయాలసిస్ చేయించుకునేవారు. గోవాడలో చెరుకు తూచే పరదేశి అనే అతను అందరికన్నా ఆఖరున చేరాడు. అతను చేరిన ఏడాదికి అతనితోపాటు మిగతా నలుగురి రక్తంలోనూ హెపటైటిస్-సి బయటపడింది.

జీపులో అతనికి చోటు లేదన్నారు; అతను బస్సులో వెళ్లసాగాడు. ఆసుపత్రి నుంచి కూడా తీసేయమని డాక్టర్ ఉదయ్‌కుమార్ మీద పడ్డారు. తీసేస్తే పరదేశి రెండు వారాలు బతకడు.

అనుమానం మీద మనిషిని చంపలేనన్నాడు డాక్టరు. ఈ వైరస్‌లో రకాలున్నాయి, పరదేశిది వేరే రకమైతే అతనికి సంబంధం లేనట్టేనని చెప్పి, ఐదుగురి రక్తమూ హైదరాబాదు ల్యాబుకు పంపమన్నాడు.

నలుగురూ చోడవరంలో గణపతిరావు ల్యాబుకు వచ్చి రక్తం ఇచ్చారు. ఆ రోజు పరదేశి మంచం దిగలేకపోయాడు. కాంపౌండరును ఇంటికి పిలిపించి తీయించానంటూ అతని భార్య మంగాయమ్మ చిన్న సీసాను ఐసుముక్కల్లో పెట్టి తెచ్చింది. గణపతిరావు దాని మీద పరదేశి పేరు రాసి, మిగతా వాటితో పంపేశాడు.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. నలుగురిదీ 3-ఎ రకం. పరదేశిది 1-బి.

దేముడమ్మ స్వయంగా ఇంటికి వచ్చి, నోరు జారేనని ఒప్పుకుంది. జీపులో కిటికీ పక్క సీటు ఇచ్చారు. చాన్నాళ్లకు పరదేశి కడుపునిండా తిన్నాడు.

ఆ వారం డాక్టరు మంగాయమ్మను గదిలోకి పిలిచాడు.

"మీ ఆయన తప్పేం లేదమ్మా. వాళ్లకి అంటింది ఈయన నుంచి కాదు."

"అయితే ఆ సీసాలో రక్తానికి జబ్బు లేనట్టేనా బాబూ?"

"ఉంది. రకం వేరు, అంతే. కాలేయాన్ని ఇది కూడా వదలదు. ఇప్పట్నుంచి మందులు వాడాలి."

మంగాయమ్మ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఆయన్ని తీసేస్తారని బయమేసి, అందులో నా రక్తం తీయించేను బాబూ."