సందు లేకుండా

"గొడ్డలి చప్పుడు ఆగిందేంటి?"

లోపల్నుంచి మొగుడి గొంతు. ఆమె మొహం తుడుచుకుని ఇంకో దుంగ నిలబెట్టింది.

పైకప్పు రేకులు సరిచేస్తూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడతను. కట్టు ఇంకా విప్పలేదు. కాలు మంచాన పడ్డా నోరు మాత్రం పడలేదు. దుంగ చీలిన చప్పుడును బట్టి అది ఎండిందో పచ్చిదో పక్కమీది నుంచే చెప్పేస్తాడు. పచ్చిదైతే ఆ పూటంతా తిట్లే. నిరుడు చలికాలంలో పచ్చి కట్టె పేడు పెట్టి గదంతా పొగ చేసిందని ఆమె అరచేతిని కాలుతున్న పొయ్యికేసి అదిమాడు. ఆ చేత్తో గొడ్డలి పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే.

ఆ కొండమీద ఆ ఒక్కటే ఇల్లు. ఇంటికి ఒకటే గది. మంచు మొదలైతే దారి మూసుకుపోతుంది. మళ్ళీ అది కరిగేదాకా మనిషన్నవాడు ఇటు తొంగిచూడడు.

పొద్దున్నే జీపు డ్రైవరు మలుపులో బండి ఆపి, రొప్పుతూ పైకెక్కి వచ్చి మరీ చెప్పాడు, ఈ సాయంత్రానిదే ఆఖరి ట్రిప్పని, ఆమె అక్క తప్పకుండా తీసుకురమ్మందని. ఆమె నోరు విప్పేలోపే కిటికీ కమ్మీల వెనకనుంచి జవాబొచ్చింది.

"అది ఎక్కడికీ రాదు. నువ్వు పో."

డ్రైవరు తల దించుకుని దిగిపోయాడు. ఆమె లోపలికెళ్ళి మంచం పక్కన నిలబడింది.

"ఈ ఒక్క చలికాలం అక్క దగ్గరుంటానండీ."

"నువ్వెళ్తే నా పొయ్యెవరు రాజేస్తారు, మీ అక్కా?" అతను గోడవైపు తిరిగాడు. "చీల్చినవన్నీ ఇంటిముందు పేర్చు. ఆ తలుపు మూసి పో, చలి కొడుతోంది."

ఆమె బయటికి వచ్చి తలుపు మూసింది.

మధ్యాహ్నమంతా పేర్చింది. పేర్చింది అనేకంటే అతను పేర్పించాడంటే సరి. గుంజలు లోతుగా పాతమన్నాడు. లావు పేళ్ళు అడుగున, సన్నవి పైన ఉండాలన్నాడు. బెరడు ఆకాశంవైపు చూడాలన్నాడు. ఎక్కడో ఒకటి ఊగిన చప్పుడు వినబడిందని వరుస మొత్తం పీకించాడు. ఆమె పీకి, మళ్ళీ మొదటినుంచి పేర్చింది.

"సందుంటే మంచు దూరుతుంది. చీమక్కూడా దారుండకూడదు. ఇదన్నా నేర్పలేదా మీ నాన్న? తినడం ఒక్కటే నేర్పి పంపాడా?"

"సందు లేకుండానే పేరుస్తున్నానండీ."

కాసేపటికి మంచినీళ్ళడిగాడు. ఈ వరుస కాగానే అంది. అది అయ్యేసరికి నీళ్ళ సంగతి అతనే మరిచిపోయి, రెండో వరుసను మొదటిదానికి ఆనించి పేర్చమన్నాడు. అలాగైతే ఎద్దు వచ్చి కుమ్మినా చెక్కుచెదరదట. నిజానికి ఆ ఉపాయం ఆమెకు తట్టలేదు. అలాగే ఆనించింది. పేళ్ళు చూరుకు తగిలేదాకా ఎత్తింది.

పొద్దు కొండ అంచుకు దిగింది. కింద మలుపులో హారన్ మోగింది.

"మోగనీ," అన్నాడతను లోపల్నుంచి, తృప్తిగా. "మోగీ మోగీ వాడే పోతాడు. కాలు బాగయ్యాక బయటికొచ్చి చూస్తా. ఒక్క పేడు కదిలిందా, అప్పుడు చెప్తా నీ పని."

"కదలదండీ," అంది ఆమె.

గొడ్డలిని దుంగకు గుచ్చి, చీర కొంగు దులుపుకుని, కొండ దిగింది.

కట్టుబట్టలతో జీపెక్కిన ఆమెను డ్రైవరు ఎగాదిగా చూశాడు.

"అన్న ఒప్పుకున్నాడా అక్కా?"

"ఆయన చెప్పిన పనంతా చేసే వచ్చాను. పోనీ తమ్ముడూ."

జీపు మలుపు తిరిగింది.

పొయ్యి ఆరిపోతోందని ఎంత అరిచినా పలుకు లేకపోవడంతో, అతను కర్ర ఊతంగా కుంటుకుంటూ లేచి, ఆ ఇంటికున్న ఒకే ఒక్క తలుపును భుజంతో బయటికి నెట్టాడు. దానికి అడ్డంగా, చూరుదాకా, తను చెప్పినట్టే పేర్చిన కట్టెల్లో ఒక్క పేడూ కదల్లేదు.