ఈశాన్య మూల

విత్తనాల పొద్దున నూకరత్నం గుప్పెడు కందులు కొంగున ముడేసుకుని చేలోకొచ్చింది. మొదటి గుప్పెడు ఈశాన్య మూల చల్లడం వాళ్ళింటి ఆనవాయితీ. ఎంత వెతికినా మూల కనబడలేదు.

"నా చేను మూల ఎక్కడే?" అని, డ్రైవరు లేకుండా దున్నుకుపోతున్న ట్రాక్టరునడిగింది.

"ఏటిదాకా ఒకటే చేనమ్మా. ఎక్కడ చల్లినా ఒకటే," అంది ట్రాక్టరు మర్యాదగా.

ఊరి చేలన్నీ కలిపేసి గట్లు తీసేయడానికి అందరికంటే ముందు ఒప్పుకున్నది తనే. జానెడు గట్టు కోసం ఏటా కలబడే పక్కచేను పైడితల్లి నోరు మూయించాలని! గట్లు పోయాయి, ట్రాక్టరొచ్చి పనులూ పోయాయి. పైడితల్లితో సహా ఊరంతా పట్నం చేరింది.

నూకరత్నం కాలి బొటనవేలితో మట్టిలో పొడుగ్గా గీత గీసింది. దాన్ని చెరిపి, జానెడు అవతలికి జరిపి మళ్ళీ గీసింది.

"ఒసే పైడితల్లీ, గట్టు జరిపేశానే! రావే!" అని పట్నం దారివైపు కేకేసింది.

ట్రాక్టరు వెనక్కి తిరిగొచ్చి, ఆ గీతను చదును చేసుకుంటూ వెళ్ళిపోయింది.