దేవన్న ఏరిన దరువు

"మూడూ ఇను దేవన్నా. ఏది మంచిగుందో నువ్వే చెప్పాలె," అంది గంగమణి.

డోలక్ తాడు బిగిస్తున్న దేవన్న చెయ్యి ఆగిపోయింది. పాట రికార్డింగు ఉందని గంగమణి కబురు పెడితే వాళ్లింటికి వచ్చాడు. తీరా వచ్చి చూస్తే, కంప్యూటర్ ముందు నిజామాబాద్ కంప్యూటర్ దుకాణం నుంచి వచ్చిన సాలోమోను కూర్చుని ఉన్నాడు. బస్సులో ఏ పసుపు బస్తాకు ఆనుకున్నాడో, తెల్ల చొక్కా భుజమంతా పచ్చగా ఉంది. అతని పక్కన మూడు సీడీలు. డోలక్, తబలా, డ్రమ్ములు అన్నీ కంప్యూటరే వాయించే సాఫ్ట్‌వేర్లట. మనిషితో పని లేదట.

"ఏంటికి చెల్లె గివి?"

గంగమణి మొగుడి వైపు చూసింది. భూమేశ్వర్ గబుక్కున ముఖం తిప్పుకుని, బయటి చప్పుడు రాకుండా కిటికీకి కట్టిన బొంతను సర్దసాగాడు.

"ముందుగాల ఇను అన్నా. ముచ్చట తర్వాత," అందామె.

ఆ చూపులు దేవన్నకు నచ్చలేదు. ఆర్మూర్ బస్టాండులో అమ్ముడుపోయే, భూమేశ్వర్ పాడిన క్యాసెట్లన్నిటిలో దరువు దేవన్నదే. వెనక నుంచి వంత పాడే గొంతూ దేవన్నదే. అలాంటిది, వచ్చినప్పటి నుంచి భూమేశ్వర్ అతనితో ఒక్క మాటైనా మాట్లాడలేదు. గంగమణి చాయ్ తెస్తే దేవన్నకూ సాలోమోనుకూ ఇప్పించి, తను మాత్రం ముట్టలేదు.

'చేసేది గసొంటి పని. నోట్లెకెల్లి మాటెట్ల వస్తది?' అనుకున్నాడు దేవన్న. 'నా జాగల కూసోబెట్టేదాన్ని నాతోనే ఏరిపిస్తున్నరు.'

సాలోమోను మొదటిది పెట్టాడు. ఖాళీ నూనె డబ్బా మీద కర్రతో కొట్టినట్టుంది. రెండోది పెళ్లి బ్యాండులా గదంతా మోగింది, కానీ పల్లె పాటకు ఎక్కడా అతకదు.

మూడోది మొదలవగానే దేవన్న ఒళ్లు జలదరించింది.

అచ్చం మనిషి చెయ్యే. అరచెయ్యి తోలు మీద పడినట్టు, వేళ్లు అంచున జారినట్టు. సాలోమోను మీటలు నొక్కుతూ నెమ్మది చేశాడు, ఉరికించాడు, మధ్యలో ఆపి మళ్లీ ఎత్తుకున్నాడు. ఎక్కడా తాళం తప్పలేదు. దేవన్న పాదం తనంతట తానే కదలబోయింది. రెండో కాలితో దాన్ని తొక్కిపెట్టాడు. గంగమణి తననే చూస్తోంది.

"ఏమంటవ్ అన్నా?"

"మొదటిదే మంచిగుంది."

సాలోమోను తెల్లబోయాడు. "మొదటిదా? మల్లొక్కపారి ఇను అన్నా."

"ఏం, నాకు చెవుల్లేవా? మూడోది ఉత్త నకిలీ. పాటను మింగేస్తది."

రికార్డింగు కోసం ఫ్యాను ఆపేశారేమో, దేవన్న మెడ మీద చెమట కారుతోంది. భూమేశ్వర్ కిటికీ దగ్గర నుంచి వచ్చి అతని కళ్లలోకి చూశాడు. 'దొరికిపోయిన,' అనుకున్నాడు దేవన్న. కానీ భూమేశ్వర్ తల ఊపి, మొదటి సీడీ తీసి సాలోమోను చేతిలో పెట్టాడు.

"కంప్యూటర్ల ఎక్కిచ్చినంక దుకాణంల వాపసు తీస్కోరు వదినా," అన్నాడు సాలోమోను, ఇంకా దేవన్న వైపే అనుమానంగా చూస్తూ.

"దేవన్న చెప్పినంక ఇంకేంది? ఎక్కియ్," అంది గంగమణి.

దేవన్న గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆ డబ్బా మోతతో ఒక్క క్యాసెట్ బయటికొస్తే చాలు, విన్నవాళ్లు నవ్వుతారు. అప్పుడు ఇద్దరూ తన గుమ్మం ముందుకే వస్తారు. రానీ, అప్పుడు చెప్తా. అలా అనుకుంటున్నా మనసు కుదుటపడలేదు. ఆ మూడో దరువు చెవుల్లో ఇంకా ఆడుతూనే ఉంది.

పని అయ్యాక సాలోమోను మిగతా రెండు సీడీలూ సంచిలో వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, గంగమణి తలుపు గొళ్లెం పెట్టింది.

దేవన్న లేచి నిలబడ్డాడు. "ఇగ నేను పోత. నాతోని మీకేం పని?"

"జర ఆగన్నా. పరాయి మనిషి ముంగట చెప్పరాదని ఊకున్నం. బయట తెలిస్తే మన క్యాసెట్ ముట్టేటోడు ఉండడు."

"చెప్పేదేముంది? నన్ను తీసేస్తుండ్రు. గంతే గదా?"

భూమేశ్వర్ గబగబా వచ్చి దేవన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. మాట రాలేదు. పగిలిన పిల్లనగ్రోవిలో ఊదినట్టు ఉత్త గాలి బయటికొచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. మళ్లీ గాలే.

దేవన్న అతని చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "భూమన్నా... ఏమైంది?"

"హైదరాబాద్ల పెద్ద దవాఖానకు తీస్కపోయిన," కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గంగమణి. "గొంతు ఇగ రాదన్నరు. ఇంట్ల కూసోని ఏడ్చి ఏడ్చి, ఆఖరుకు పలక మీద నీ పేరు రాసిండు."

భూమేశ్వర్ కళ్లు తుడుచుకుని మైకును జరిపి, దేవన్న నోటికి ఎదురుగా నిలబెట్టాడు.

"ఇగ పాటలు నువ్వే పాడాలె అన్నా," అంది గంగమణి. "మైకు ముంగట పాడుకుంట డోలక్ కొట్టుడు అయితదా? ఎన్క మోగే దరువు నీ పానానికి నచ్చాలె గదా, గందుకే నిన్ను ఏరుకొమ్మన్నం."