పున్నారావు కేకలు

"అమ్మో! చచ్చాన్రా నాయనో!"

పున్నారావు పెట్టిన కేకకి బందరు ఆస్పత్రిలో ఆపరేషన్ గది దద్దరిల్లింది. డాక్టర్ జీవానందం చేతిలో సూది ఉన్నచోటే ఆగిపోయింది.

"మందు ఎక్కలేదా డాక్టరుగారూ?" అంది నర్సు రత్నకుమారి కంగారుగా.

"ఎక్కాలే! ఎక్కే వేళ దాటింది కూడా."

పున్నారావు బల్ల మీద మోకాళ్ళు పైకెత్తి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుముకి అడ్డంగా దుప్పటి తెర కట్టారు కాబట్టి అవతల ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. దివిసీమ చివర సముద్రపు పల్లె అతనిది. కొన్నాళ్ళుగా మూత్రం బిగిసి అవస్థ పడుతున్నాడు. పరీక్ష చేస్తే ప్రోస్టేట్ గ్రంథి మీద గట్టిగా ఏదో గడ్డ తగిలింది డాక్టరుకి. అది కేన్సరో కాదో తేలాలంటే తొడల సందు నుంచి లావుపాటి సూది పంపి చిన్న ముక్క తియ్యాలి, గుంటూరు పంపి చూపించాలి. మనిషికా ఉబ్బసం. క్లోరోఫారం ఇస్తే మళ్ళీ లేస్తాడన్న నమ్మకం లేదు. అంతమేరకే మొద్దుబారే ఇంజక్షను చేసి పని కానివ్వాలి. లేదంటే జబ్బేదో తెలియకుండానే ఇంటికి పంపెయ్యాలి.

ఆ మందు ఎలా పనిచేస్తుందో పొద్దున్నే రత్నకుమారికి పాఠంలా చెప్పాడు జీవానందం. కాంపౌండరుకీ చెప్పాడు. పున్నారావుతో మాత్రం, "ముందో ఇంజక్షను చేస్తాను. తర్వాత నెప్పిగా ఉంటే చెప్పు" అని ఊరుకున్నాడు.

చెప్పమన్నారు కదా, పున్నారావు చెబుతున్నాడు. ఊరంతా వినేలా.

ఇంకొంచెం మందు ఇచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ సూది తీసుకున్నాడు డాక్టరు.

"అమ్మో! అమ్మో!"

"ఏం పున్నారావ్, జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా దులుపుకుని పోయేవాళ్ళు మీరు. ఈ కాస్తకే ఇల్లు పీకి పందిరేస్తున్నావేంటి?"

"తెలుస్తోందండి బాబూ! బాగా తెలుస్తోందండి!"

దూది కోసం బయటికి వెళ్ళిన రత్నకుమారి మూతి ముడుచుకుని తిరిగొచ్చింది.

"చూశారాండీ చోద్యం! ఇతని భార్య పాపాయమ్మ గుమ్మం అవతలే కూర్చునుంది. లోపల మొగుడు గావుకేకలు పెడుతుంటే, కేక విన్నప్పుడల్లా మొహం చేటంత చేసుకుని గంగమ్మ తల్లికి దణ్ణం పెడుతోంది. ఇదెక్కడి ఇల్లాలండీ?"

"వాళ్ళ కాపురం గొడవ మనకెందుకు సిస్టర్" అన్నాడు జీవానందం. అతని దిగులు అతనిది. ఇంతకు మించి మందు ఇస్తే ప్రమాదం. నెప్పితో ఇలా అల్లాడే మనిషిని పొడవడానికి చేతులు రావడం లేదు. చేతికందిన జబ్బుని చూడకుండా వదిలేయాల్సి వస్తోందే అని ప్రాణం ఉసూరుమంది. సూదిని పింగాణీ పళ్ళెంలో పడేశాడు. ఖంగుమంది.

"అమ్మో! చచ్చాన్రో!"

డాక్టరూ నర్సూ మొహమొహాలు చూసుకున్నారు.

జీవానందం మాట్లాడొద్దని సైగ చేసి, పట్టకారు తీసుకుని, మందిచ్చిన చోట చప్పుడు లేకుండా గట్టిగా నొక్కాడు. పున్నారావు కాలి వేలైనా కదల్లేదు. పట్టకారుతో పళ్ళెం మీద కొట్టాడు.

"అమ్మో!"

డాక్టరు తెర దాటి తలవైపుకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పళ్ళేన్ని కొడితే నీకు నెప్పేంటయ్యా? నిజం చెప్పు."

పున్నారావు గుమ్మం వైపు చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"మా అయ్యకీ ఇదే జబ్బండి. మా పల్లెలో వాతలేసే గంగన్న, కడ్డీ ఎర్రగా కాల్చి పొత్తికడుపు మీద పెడితే అయ్య కిమ్మనలేదండి. వాత తెలియని ఒంట్లో ప్రాణం నిలవదని గంగన్న కడ్డీ పారేసి లేచిపోయాడండి. ఆ పూటే పోయాడండి మా అయ్య. అప్పుడు పాపాయమ్మ పక్కనే ఉందండి."

"ఉంటే?"

పున్నారావు కళ్ళనీళ్ళు చెవుల్లోకి జారాయి.

"కేక వినపడితే నేనింకా ఉంటానని దానికి ధైర్యంగా ఉంటుంది కదండి. మీరా మొదటి ఇంజక్షను చేసిన కాణ్ణించీ నాకసలేమీ తెలియట్లేదండి బాబూ!"