రెండు పిలుపులు

హార్బరులో క్రేన్ల కంప్యూటరు రోజూ రాత్రి ఆగిపోతోంది. కాపలావోడు కరెంటు తీసేసి పడుకుంటన్నాడని ఆఫీసువాళ్ళు నామీద పెట్టారు. ఈ రాత్రి కారణం తేలకపోతే నా నౌకరీ పోద్ది.

బాగుచెయ్యడానికి గోపిబాబు వచ్చాడు. అందులోది చక్రం తిరగని కొత్తరకం డిస్కు, చప్పుడు చెయ్యదు. ఆయన నల్లతెర మీద ఒక ముక్క టైపు కొట్టగానే, అది రాసిపెట్టుకున్న తప్పులన్నీ వరసగా దిగాయి.

“నీ తప్పు లేదు తాతా. రోజూ రాత్రి రెండింటికి ఎవరో డిస్కుని రెండేసిసార్లు పిలుస్తున్నారు. ఇది పలక్క బిగుసుకుపోతోంది.”

“ఎవులు బాబూ?”

“నాలుగో క్రేను కేబిన్ నుంచి.”

ఆ క్రేను నడిపే ఎల్లాజీ అందులోనే పోయి నెలయింది. కేబిన్ తాళంచెవి నా మొలతాట్లో ఉంది.

మేం సేపలోళ్ళం. రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలకం. రెండుసార్లతో ఆగేది మనిషి కాదు.

“పలికేలా చేసేస్తాను. నీ నౌకరీకి ఢోకా లేదు,” అన్నాడు గోపిబాబు.

వద్దనాలి. నౌకరీ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

రెండయింది. తెర మీద ఒక పిలుపు పడింది. ఇంకోటి పడింది. డిస్కు పలికింది.

“చూశావా, ఆగలేదు,” అని నవ్వాడు.

బయట నాలుగో క్రేను ఇనప నిచ్చెన మీంచి ఎవరో ఒక్కో మెట్టూ దిగుతన్నారు.