పన్నెండో నంబరింటి కరివేపాకు

“ఈ రంగు టాయిలెట్‌లో పోసి ఫ్లష్ నొక్కితే సరిపోతుందా?” అడిగింది ఇందిరాదేవి.

“అంతే ఆంటీ. సెప్టిక్ ట్యాంక్ బాగుంటే రంగు మట్టిలోనే ఇంకిపోతుంది. పగిలుంటే లేక్ ఒడ్డున తేలుతుంది,” అంది కావ్యశ్రీ.

కావ్యశ్రీ కౌన్సిల్‌లో మురుగునీటి ఇన్‌స్పెక్టరు. ఈ సరస్సు చుట్టూ ఉన్న నలభై ఇళ్ళకీ కలిపి కొత్తగా చిన్న శుద్ధి ప్లాంటు కట్టారు. ట్యాంకులు కారుతున్న ఇళ్ళను ముందుగా దానికి కలుపుతున్నారు. పన్నెండో నంబరింటి మీద ఎవరో ఫిర్యాదు చేశారు. ఆ ఉత్తరం నలుపు తెలుపు జిరాక్సు ఆమె ఫైల్లో ఉంది.

“ఎవరా పుణ్యాత్ములు?”

“పేరు రాయలేదాంటీ.”

“ఎందుకు రాస్తారు? ఎదురుపడి చెప్పే ధైర్యముంటే ఉత్తరం దేనికి?” అంటూ ఆవిడ కాఫీ తెచ్చింది.

వరండాలో కూర్చున్నారే గాని కావ్యశ్రీ చూపంతా పెరట్లో కరివేపాకు చెట్టు మీదే ఉంది. ఈ దేశపు చలికి కుండీలో జానెడు ఎదిగితేనే గొప్ప. ఇక్కడేమో గోడవార ఎండ కాచుకుంటూ చూరందుకుంది. హామిల్టన్‌లో తెలుగువాళ్ళ పోపులన్నిటికీ ఇదే దిక్కు. నిన్న కావ్యశ్రీ కలిపిన పులిహోరలోదీ ఈ ఆకే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికి వచ్చినట్టుందని ఆమెకు సిగ్గేసింది.

“మా ఆయన నాటారమ్మా. పదేళ్ళు గిడసబారి ఉండేది. ఆయన పోయిన ఏడాది ఉన్నట్టుండి లేచింది. ఇక్కడే ఉన్నానని చెబుతున్నారనుకున్నాను. చలికాలం వస్తే ఆయన స్వెటరే దీనికి తొడుగుతాను.”

ఎందుకు లేచిందో కావ్యశ్రీకి తెలుసు. చెట్టు సరిగ్గా ట్యాంకు పక్కనే ఉంది. ఆ మాట ఈవిడతో ఏ నోటితో చెప్పాలో ఆమెకు తోచలేదు.

మెట్ల మీద చిన్న కుండీలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక కరివేపాకు పిలక, తీసుకునేవాళ్ళ పేరు రాసిన ఒక అట్టముక్క. అక్షరాలన్నీ ఆకుపచ్చ సిరాతో ఉన్నాయి.

“గెజిటెడ్ హెడ్‌మిస్ట్రెస్‌ని కదా! రిటైరైనా ఇంకో రంగు పట్టుకుంటే చెయ్యి సాగదు,” అని నవ్విందావిడ.

“ఇన్ని పిలకలు ఇప్పుడే ఎందుకాంటీ?”

“అడిగినవాళ్ళకి. ఎప్పుడో ఒకప్పుడు పంచాలిగా!”

రంగు పోసి ఫ్లష్ నొక్కిన గంటన్నర తర్వాత ఇద్దరూ ఒడ్డుకు నడిచారు. ‘నీళ్ళలో దిగవద్దు’ అన్న బోర్డు కింద, రాళ్ళ మధ్య నుంచి రంగు సన్నగా కారుతోంది.

“ఆయన రోజూ ఇక్కడే ఈదేవారు,” అంది ఇందిరాదేవి. “ఊళ్ళో పిల్లలంతా వెనకే. ఈ బోర్డు పెట్టి రెండు సమ్మర్లయింది. పిల్లల కేకల్లేక ఈ ఒడ్డు బోసిపోయింది.”

“ఆంటీ... వేళ్ళే ట్యాంకుని చీల్చినట్టున్నాయి. ప్లాంటుకి పైపు వెయ్యాలంటే చెట్టు తీసెయ్యాలి.” చెబుతుండగానే కావ్యశ్రీ కళ్ళు నిండాయి.

“నువ్వెందుకే పిచ్చిపిల్లా ఏడవడం? నీ పని నువ్వు చేశావు.” ఆవిడ కొంగుతో కావ్యశ్రీ చెంపలు తుడిచింది. “కొట్టెయ్యమని నా నోటితో మాత్రం అనలేనమ్మా. మీరే వచ్చి చేసుకోండి. ఆ రోజు నేను ఇంట్లో ఉండను.”

వెళ్ళేటప్పుడు ఒక కుండీ చేతిలో పెట్టింది. “కిటికీ దగ్గర పెట్టు. నీళ్ళు తక్కువ పొయ్యి.”

ఆఫీసుకు తిరిగొచ్చి కావ్యశ్రీ కుండీని కంప్యూటర్ పక్కన పెట్టింది. ఇంత మంచిమనిషి మీద ఫిర్యాదు చేయడానికి ఎవరికి చేతులొచ్చాయో అని తిట్టుకుంటూ, రిపోర్టుకు జతచేయడానికి ఆ ఉత్తరం అసలు ప్రతిని తెర మీద తెరిచింది.

ఉత్తరమంతా ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది.